కోడ్ రాసేది ఏఐ.. సరిచూసేది ఎవరు? ఫ్రెషర్లకు అసలు ముప్పు ఎక్కడుందంటే..

వెబ్‌సైట్ కావాలంటే ఒకప్పుడు డెవలపర్, డిజైనర్, టెస్టర్.. ఇలా ఓ టీమ్ కూర్చోవాలి. ఇప్పుడు ఏఐకి నాలుగు మాటలు చెబితే సాయంత్రానికి సైట్ సిద్ధం. దీంతో బీటెక్ చదివే పిల్లల ఇళ్లలో ఒకటే ప్రశ్న. మావాడికి ఉద్యోగం వస్తుందా? కోడింగ్ నేర్చుకోవడం ఇంకా దండగేనా? భయపడటంలో తప్పులేదు. కాకపోతే చాలామంది భయపడుతున్న చోట ముప్పు లేదు. అసలు ముప్పు వేరే చోట ఉంది.

అమీర్‌పేట బోర్డులు చెప్పే కథ

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రివనం పరిసరాల్లో ఏ కాలంలో ఏ కోర్సు బోర్డు వేలాడిందో చూస్తే చాలు, ఐటీ రంగం చరిత్ర తెలిసిపోతుంది. 1990ల చివర్లో వైటూకే సమస్య ముంచుకొచ్చినప్పుడు మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ కోర్సులకు గిరాకీ. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక జావా, డాట్‌నెట్ జోరు. ఆ తర్వాత టెస్టింగ్ టూల్స్, శాప్, ఫుల్ స్టాక్, డేటా సైన్స్. ఇప్పుడు ఎక్కడ చూసినా ఏఐ.

ఇన్నేళ్లూ సూత్రం ఒక్కటే. కొత్త టెక్నాలజీ వస్తుంది, మూడు నాలుగు నెలలు కోర్సు చేయాలి, ఇంటర్వ్యూలకు వెళ్లాలి. గుంటూరు నుంచి వచ్చినా, కరీంనగర్ నుంచి వచ్చినా హాస్టల్లో ఉండి ఇలాగే నేర్చుకున్నారు. వేలాది కుటుంబాల తలరాత మారింది ఈ సూత్రంతోనే.

ఈసారి మాత్రం తేడా ఉంది. ఇంతకుముందు కొత్త టెక్నాలజీ వస్తే దాన్ని రాసేవాళ్లు కావాలి. ఇప్పుడు వచ్చిన టెక్నాలజీ తానే రాసేస్తోంది. అందుకే పాత సూత్రం పట్టు తప్పుతోంది.

ఇంతకీ వైబ్ కోడింగ్ అంటే ఏంటి?

ఓపెన్ ఏఐ వ్యవస్థాపకుల్లో ఒకరైన ఆండ్రే కార్పతీ 2025 ఫిబ్రవరిలో ఈ మాట వాడారు. ఏం కావాలో మామూలు భాషలో చెప్పడం, ఏఐ ఇచ్చిన కోడ్‌ను చదవకుండానే ఒప్పేసుకోవడం, తప్పు వస్తే ఆ ఎర్రర్‌నే మళ్లీ ఏఐకి అతికించడం. ఇదే వైబ్ కోడింగ్. వారాంతంలో సరదాగా చేసుకునే చిన్న ప్రాజెక్టులకు ఇది ఫర్వాలేదన్నది ఆయన అసలు ఉద్దేశం. కానీ మాట పాకిపోయింది. కాలిన్స్ డిక్షనరీ దీన్నే 2025 ఏడాది పదంగా ఎంపిక చేసింది. సరదా ప్రాజెక్టులకు అన్న షరతు మాత్రం వెనకే ఉండిపోయింది.

పెద్ద కంపెనీల సంగతి చూద్దాం. తమ సంస్థలో కొత్త కోడ్‌లో నాలుగో వంతుకు పైగా ఏఐ తయారు చేస్తోందని, ఆ తర్వాత ఇంజనీర్లు పరిశీలించి ఆమోదిస్తున్నారని గూగుల్ సీఈఓ సుందర్ పిచాయ్ 2024 అక్టోబర్‌లో చెప్పారు. మైక్రోసాఫ్ట్‌లో కొన్ని ప్రాజెక్టుల్లో 20 నుంచి 30 శాతం దాకా సాఫ్ట్‌వేరే రాస్తోందని హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2025 ఏప్రిల్‌లో వెల్లడించారు. అమెరికాలో స్టార్టప్‌లకు ఊతమిచ్చే వై కాంబినేటర్ అదే ఏడాది మార్చిలో మరో విషయం చెప్పింది. తమ తాజా బ్యాచ్‌లో పావువంతు స్టార్టప్‌లలో 95 శాతం కోడ్ ఏఐ రాసిందేనట.

ఈ అంకెల్లో చాలామంది గమనించకుండా వదిలేసే ముక్క ఒకటుంది. పిచాయ్ చెప్పిన మాటలో రెండో సగం. ఏఐ రాస్తోంది, ఇంజనీర్లు పరిశీలిస్తున్నారు. ఈ కథంతా ఆ పరిశీలించడం చుట్టూనే తిరుగుతోంది.

పైన పటారం.. లోన?

ఓ చిన్న ఆస్పత్రికి అపాయింట్‌మెంట్ వెబ్‌సైట్ కావాలనుకుందాం. ఏఐని అడిగితే గంటలో వచ్చేస్తుంది. రంగులు బాగుంటాయి, బటన్లు పనిచేస్తాయి, ఫోన్‌లో చక్కగా ఓపెన్ అవుతుంది. డెమో చూసి ఓనర్ ఖుషీ. రోగి లాగిన్ అయితే లింక్ చివర 105 అని ఓ నంబర్ కనిపిస్తుంది. దాన్ని 106గా మార్చితే? సైట్ సరిగా కట్టకపోతే పక్కవాళ్ల మెడికల్ రిపోర్టు తెరపైకి వచ్చేస్తుంది. ఈ తప్పు డెమోలో కనబడదు. చూడ్డానికి అంతా బాగుంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం కూడా రాదు.

ఇది ఊహ మాత్రమే కాదు. మాటలతోనే యాప్ కట్టిచ్చే లవబుల్ అనే టూల్‌తో తయారైన 1,645 యాప్‌లను 2025లో పరిశీలిస్తే, 170 యాప్‌లలో యూజర్ల డేటా బయటివాళ్లకు అందేలా ఉన్నట్టు తేలింది. ఎవరి వరుస డేటా వాళ్లకే కనిపించాలనే నిబంధనను డేటాబేస్‌లో సరిగా పెట్టకపోవడమే కారణం. నిండా పదేళ్ల అనుభవం అక్కర్లేదు, డేటాబేస్ బేసిక్స్ తెలిసిన మనిషి ఒక్కసారి చూసినా పట్టేసే తప్పు అది.

భద్రతా సంస్థ వెరాకోడ్ వందకు పైగా ఏఐ మోడళ్లకు 80 కోడింగ్ పరీక్షలు పెట్టింది. 45 శాతం సందర్భాల్లో కోడ్‌లో భద్రతా లోపం ఉంది. జావాలో అయితే ఇది 70 శాతం దాటింది. అంటే కోడ్ నడుస్తుంది. కానీ తలుపు గడియ పడలేదు.

ఇంకో వింత సమస్య ఉంది. ఇప్పటి వెబ్ ప్రోగ్రామ్‌లు మొత్తం సొంత కోడ్‌తో నడవవు. వేరేవాళ్లు రాసి ఉచితంగా పెట్టిన ప్యాకేజీలను తెచ్చి కలుపుతారు. ఏఐ కొన్నిసార్లు అసలు లేని ప్యాకేజీ పేరును ఉన్నట్టే చెబుతుంది. 16 ఏఐ మోడళ్లతో 5,76,000 కోడ్ నమూనాలు రాయించి అమెరికా పరిశోధకులు చూస్తే, సూచించిన ప్యాకేజీల్లో దాదాపు 20 శాతం ఉత్తుత్తివే. మోసగాడు అదే పేరుతో ఓ వైరస్ ప్యాకేజీని తయారుచేసి పెడితే చాలు. ఏఐ చెప్పిందని ఇన్‌స్టాల్ చేసినవాళ్లు నేరుగా వలలో పడతారు.

2025 జులైలో రెప్లిట్ ఘటన అయితే టెక్ ప్రపంచాన్నే ఉలిక్కిపడేలా చేసింది. కోడ్‌లో ఎలాంటి మార్పులూ చేయొద్దని పదేపదే చెప్పినా, ఏఐ ఏజెంట్ ఓ వ్యాపారవేత్త ప్రాజెక్టులోని అసలు డేటాబేస్‌ను తుడిచేసింది. కంపెనీ సీఈఓ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. టెస్టింగ్‌కు వాడే డేటాబేస్, కస్టమర్లు వాడే డేటాబేస్ వేర్వేరుగా ఉండేలా మార్పులు తెచ్చారు. ఈ రెండూ వేరుగా ఉండాలన్నది సాఫ్ట్‌వేర్ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న పాఠమే.

లారీలు పెరిగాయి.. కాటా ఒక్కటే

మరి ఏఐ వల్ల పని వేగం పెరగలేదా? రాయడం వరకు కచ్చితంగా పెరిగింది. ఇక్కడే ప్రాజెక్ట్ మేనేజర్లకు కొత్త తలనొప్పి మొదలైంది.

గుంటూరు మిర్చి యార్డును ఊహించుకోండి. రోజూ వచ్చే లారీలకు రెట్టింపు వచ్చాయి. కాటా వేసేవాళ్లు మాత్రం అంతే మంది. అప్పుడు వ్యాపారం రెట్టింపు అవుతుందా, గేటు దగ్గర క్యూ రెట్టింపు అవుతుందా? సాఫ్ట్‌వేర్ టీముల్లోనూ ఇదే సీన్. ఒకప్పుడు కోడ్ రాయడానికే ఎక్కువ టైం పట్టేది. రెండు వారాల స్ప్రింట్, ఇన్ని పాయింట్ల పని అంటూ వేసే లెక్కలన్నీ ఆ ఆధారంతోనే. ఇప్పుడు రాయడం నిమిషాల పని. కానీ దాన్ని చదివి, పరీక్షించి, సరే అని సంతకం పెట్టే సీనియర్లు అదే సంఖ్యలో ఉన్నారు. క్యూ అంతా వాళ్ల దగ్గర ఆగిపోతోంది.

మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో చేసిన ప్రయోగం దీనికి అద్దం పడుతుంది. ఏళ్లుగా పనిచేస్తున్న సొంత ప్రాజెక్టుల్లోనే 16 మంది అనుభవజ్ఞులైన డెవలపర్లకు 246 పనులు అప్పగించారు. కొన్ని ఏఐతో చేయాలి, కొన్ని ఏఐ లేకుండా. ఏఐ వాడితే 24 శాతం వేగం పెరుగుతుందని వాళ్లు ముందే అంచనా వేశారు. పనయ్యాక కూడా 20 శాతం వేగంగా చేశామనే అనుకున్నారు. గడియారం మాత్రం 19 శాతం ఎక్కువ టైం పట్టినట్టు చూపించింది. చిన్న ప్రయోగమే, 2025 ఆరంభం నాటి టూల్స్‌తో చేసిందే. కొత్త ప్రాజెక్టుల్లో, కొత్త టూల్స్‌తో ఫలితం వేరుగా ఉండొచ్చు. అయినా ఒక్క పాఠం మాత్రం నిలుస్తుంది. వేగంగా చేస్తున్నామన్న ఫీలింగ్ వేరు, వేగం వేరు.

స్టాక్ ఓవర్‌ఫ్లో 2025 సర్వేలోనూ ఇదే ధోరణి. 84 శాతం మంది ఏఐ టూల్స్ వాడుతున్నారు, లేదా వాడబోతున్నారు. అయితే వాటి జవాబులు కరెక్టేనని నమ్మేవాళ్లకంటే నమ్మనివాళ్లే ఎక్కువ. దాదాపు కరెక్టే కానీ పూర్తిగా కాదు.. ఎక్కువ మంది చెప్పిన చిరాకు ఇదే. మొత్తం తప్పైతే ఇట్టే దొరికిపోతుంది. ముప్పాతిక ఒప్పు, పావు తప్పు ఉంటేనే వెతకడం కష్టం.

డిజైన్‌లోనూ అదే తంతు

వెబ్ డిజైన్ పరిస్థితి కూడా ఇలాగే ఉంది. వెబ్ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోమ్ పేజీలను పరీక్షిస్తుంది. 2025 నివేదికలో 94.8 శాతం పేజీలు దివ్యాంగులకు ఇబ్బంది కలిగించే లోపాలతోనే దొరికాయి. తెల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద లేత బూడిద రంగు అక్షరాలు పెట్టడం లాంటిది వాటిలో మొదటి స్థానంలో ఉంది. పెద్దవాళ్లు ఫోన్‌ను కళ్ల దగ్గర పెట్టుకుని తంటాలు పడేది ఇందుకే. ఇంటర్నెట్‌లో ఉన్నదాన్ని చూసే ఏఐ నేర్చుకుంది. అది నేర్చుకున్న పాఠాల్లోనే ఇన్ని లోపాలుంటే, ఎవరూ సరిచూడకుండా వదిలేసిన డిజైన్‌లోకి అవే రావడంలో ఆశ్చర్యం లేదు.

దీన్ని ఇక చిన్న విషయంగా తీసుకోలేం. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు కేవైసీ పూర్తి చేయలేకపోతున్నారంటూ వేసిన పిటిషన్లపై వచ్చిన తీర్పు ఇది. కెమెరా ముందు కళ్లు ఆర్పాలని యాప్ అడిగితే, కళ్లు ఆర్పలేని మనిషి బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి? ఈ ప్రశ్న ఏఐకి దానంతట అది తట్టదు. ఎవరో ఒక మనిషి అడగాలి.

అసలు ముప్పు ఎక్కడుంది?

ఇంతవరకు చూస్తే మనుషుల అవసరం పెరిగినట్టే కదా, భయం దేనికి అనిపిస్తుంది. చిక్కుముడి ఇక్కడే పడింది.

తప్పు పట్టగలిగే సీనియర్ ఆకాశం నుంచి ఊడిపడడు. ప్రతి సీనియర్ ఒకప్పుడు ఫ్రెషరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్న బగ్ సరిచేయడం, ఓ ఫామ్‌కు బటన్ పెట్టడం, టెస్ట్ కేసులు రాయడం.. ఇలాంటి పనులే ఇచ్చేవారు. తప్పు చేస్తే టీమ్ లీడ్ తిట్టేవాడు. రాత్రి పది గంటలకు సర్వర్ పడిపోతే పక్కన కూర్చుని చూసేవారు. అలా నాలుగైదేళ్లకు ఏ కోడ్‌ను నమ్మాలో, దేన్ని అనుమానించాలో వేళ్లకు తెలిసిపోయేది.

ఏఐ మొదట మింగుతున్నది సరిగ్గా ఆ చిన్న పనులనే. మేడ మెట్లలో కింది మెట్లు తీసేస్తున్నామన్నమాట. పైన ఉన్నవాళ్లకు ఇప్పుడే ఇబ్బంది లేదు. కింద ఉన్నవాళ్లు ఎక్కేదెలా?

దీనికి సంకేతాలు అమెరికాలో కనిపిస్తున్నాయి. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు 2025 ఆగస్టులో జీతాల రికార్డుల ఆధారంగా ఓ అధ్యయనం విడుదల చేశారు. 22 నుంచి 25 ఏళ్ల వయసున్న సాఫ్ట్‌వేర్ డెవలపర్ల ఉద్యోగాలు 2022 చివరితో పోలిస్తే 2025 జులై నాటికి దాదాపు 20 శాతం తగ్గాయి. అదే పనిలో ఉన్న పెద్ద వయసువారి ఉద్యోగాలు నిలకడగా ఉన్నాయి, లేదా పెరిగాయి. ఇందులో ఏఐ పాత్ర ఎంతన్న దానిపై వాదన నడుస్తోంది. కరోనా సమయంలో అతిగా తీసుకోవడం, తర్వాత వడ్డీ రేట్లు పెరగడం కూడా కారణాలేనన్నది మరో వాదన. కారణం ఏదైనా దెబ్బ తగులుతున్నది మాత్రం కొత్తవాళ్లకే.

మన దేశంలో లెక్క కొంచెం వేరు. ఇక్కడి ఐటీ సేవల కంపెనీలు ఏళ్లుగా పిరమిడ్ పద్ధతిలో నడిచాయి. కింద వందలాది ఫ్రెషర్లు, పైన కొద్దిమంది సీనియర్లు. ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారన్న లెక్కతో క్లయింట్‌కు బిల్లు. పది మంది పని ఆరుగురితో అయిపోతుంటే క్లయింట్ పది మందికి డబ్బులు ఎందుకిస్తాడు? 2025 జులైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని, అంటే సిబ్బందిలో 2 శాతాన్ని తగ్గిస్తామని ప్రకటించింది. ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు సరిపోలకపోవడం వల్లేనని కంపెనీ చెప్పింది. దెబ్బ కూడా ఎక్కువగా మధ్య, పై స్థాయి ఉద్యోగులపైనే పడింది. అంటే కుర్రాళ్లకే కాదు, పదిహేనేళ్ల అనుభవం ఉండి నేర్చుకోవడం ఆపేసినవాళ్లకూ భరోసా లేదు.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ సీఈఓ మ్యాట్ గార్మన్ ఇదే పాయింట్ లేవనెత్తారు. జూనియర్ డెవలపర్ల స్థానంలో ఏఐని పెట్టాలన్న ఆలోచన తాను విన్నవాటిలో అత్యంత తెలివితక్కువదని 2025 ఆగస్టులో తేల్చి చెప్పారు. ఎవరూ ఏమీ నేర్చుకోకపోతే పదేళ్ల తర్వాత పరిస్థితి ఏంటన్నది ఆయన ప్రశ్న. ఏఐ అమ్ముకునే కంపెనీ బాసే ఈ మాట అనడం గమనించాల్సిన విషయం.

హౌస్ సర్జన్ లెక్క

డాక్టర్ల విషయంలో ఈ సమస్యకు సమాజం ఎప్పుడో పరిష్కారం కనిపెట్టింది. ఎంబీబీఎస్ పాసైనవాళ్లు ఏడాది పాటు హౌస్ సర్జన్‌గా చేయాల్సిందే. ఆస్పత్రికి సీనియర్లు ఉన్నారు కదా అని ఎవరూ ఆ ఏడాదిని రద్దు చేయరు. రేపటి సీనియర్ తయారయ్యేది అక్కడే. సాఫ్ట్‌వేర్‌లో ఈ పని ఇన్నాళ్లూ మొదటి ఉద్యోగం చేసింది. ఆ ఉద్యోగమే పలచబడితే శిక్షణ బాధ్యత ఎవరో ఒకరు తీసుకోవాలి.

కంపెనీలు ఫ్రెషర్‌తో కోడ్ రాయించడానికి బదులు ఏఐ రాసిన కోడ్‌ను చదివించి, తప్పులు పట్టించి, సీనియర్‌తో దిద్దించొచ్చు. కాలేజీలు ల్యాబ్ రికార్డు నింపించడం మానేసి, తప్పులున్న ప్రోగ్రామ్ ఇచ్చి ఎక్కడ తేడా ఉందో కనిపెట్టమని పరీక్ష పెట్టొచ్చు. వీటికి కొత్త భవనాలు అక్కర్లేదు, ప్రశ్నపత్రం మారితే చాలు.

మరి కుర్రాళ్లు ఏం చేయాలి?

ముందుగా బేసిక్స్. డేటాబేస్ ఎలా పనిచేస్తుంది, బ్రౌజర్‌కు సర్వర్‌కు మధ్య ఏం నడుస్తుంది, లాగిన్ అయిన మనిషిని సైట్ ఎలా గుర్తుపడుతుంది.. ఇవి తెలియనివాడికి ఏఐ ఇచ్చిన కోడ్ తప్పో ఒప్పో తెలిసే దారే లేదు. ఫ్రేమ్‌వర్క్‌లు మారిపోతాయి. ఇవి పెద్దగా మారవు.

రెండోది, కోడ్ చదవడం. రోజూ ఏఐతో ఓ చిన్న ప్రోగ్రామ్ రాయించి, ఒక్కో లైన్ ఎందుకుందో నోట్‌బుక్‌లో రాసుకోవాలి. అర్థం కాని లైన్ ఉంటే దాన్ని వాడకూడదు. లైన్ తీసేస్తే ఏం జరుగుతుందో చేసి చూడాలి. ఇంటర్వ్యూలో ప్రాజెక్ట్ చూపించినప్పుడు ఇది ఇలాగే ఎందుకు చేశావని అడిగితే జవాబు చెప్పగలగాలి.

మూడోది, పది ప్రాజెక్టుల కాపీ కంటే నలుగురు నిజంగా వాడే ఒక్క ప్రాజెక్టు మేలు. ఊళ్లో మామయ్య ఎరువుల షాపు లెక్కలైనా సరే. నిజమైన మనుషులు వాడినప్పుడే నిజమైన తప్పులు బయటపడతాయి. వాటిని సరిచేసిన అనుభవం సర్టిఫికెట్‌లో దొరకదు.

ఇక తల్లిదండ్రులు జాగ్రత్తపడాల్సింది ఒకటుంది. ఉద్యోగాలు తగ్గినప్పుడే బ్యాక్‌డోర్ జాబ్ అంటూ లక్షలు గుంజేవాళ్లు, నకిలీ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లు అంటగట్టేవాళ్లు పుట్టుకొస్తారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం, డబ్బు, పరువు మూడూ పోతాయి. ఉద్యోగం ఇవ్వడానికి డబ్బులు అడిగితే అది ఉద్యోగం కాదు.

కోడింగ్ చచ్చిపోయిందన్న మాట ఎంత అతిశయోక్తో, ఏమీ మారలేదన్న ధీమా కూడా అంతే. రాయడం చౌకైపోయింది. సరిచూడటం ఖరీదైంది. ఆ సరిచూసే మనుషులను ఇవాళ తయారు చేసుకోకపోతే, పదేళ్ల తర్వాత బ్యాంకు యాప్ ఆగిపోయిన రోజు, ఆస్పత్రి సర్వర్ పడిపోయిన రోజు.. లోపల ఏముందో తెలిసినవాళ్లు ఎవరూ మిగలరు. ఇవాళ ఫ్రెషర్‌కు దొరకని ఉద్యోగం, రేపు అందరికీ దొరకని సీనియర్‌గా తేలుతుంది.